విబ్రియోను వెతికి చంపే బ్యాక్టీరియా, లీటరు ఆరు వేలు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల్లో వనామి రొయ్య వేశాను. రెండెకరాలు సొంతం, రెండు లీజు. ఇవాళ్టికి 58 రోజులు. వారం నుంచి చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూసే పళ్లెం) మేత మిగిలిపోతోంది. గాలికి కొట్టుకొచ్చి గట్టు మూలన తెల్లటి దారాల్లాంటి మలం తేలుతోంది. నీళ్లు ల్యాబ్‌లో చూపిస్తే విబ్రియో అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉంది, ప్లేటు మీద గ్రీన్ కాలనీలు (ఆకుపచ్చ చుక్కలు) వచ్చాయన్నారు. మా తోడల్లుడి తమ్ముడు ఆక్వా మందుల వ్యాపారం చేస్తాడు. కొత్త సరుకు వచ్చింది, ఇది మామూలు ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) కాదు, జీన్ మార్చిన బ్యాక్టీరియా, విబ్రియో ఎక్కడున్నా పసిగట్టి చంపేస్తుంది, సింగపూర్ టెక్నాలజీ అంటున్నాడు. లీటరు ఆరు వేలు. ఎకరానికి లీటరు చొప్పున మూడుసార్లు పోయాలట. బీటెక్ బయోటెక్నాలజీ మూడో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయిని అడిగితే "అలాంటివి నిజంగానే ఉన్నాయి నాన్నా, మాకు పాఠం కూడా ఉంది" అన్నాడు. పోయమంటారా? వద్దంటే చుట్టానికి ఏమని చెప్పాలి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక రొయ్యల రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పోయకండి. నాలుగెకరాలకు మూడు విడతలంటే 72 వేలు. ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని ముందు ఇది చదవండి.

మీ అబ్బాయి చెప్పింది నిజం. మీ చుట్టం చెప్పింది నిజం కాదు. ఇద్దరూ ఒకే మాట అన్నట్టే ఉంది కాబట్టి మీకు తికమకగా ఉంది. ఆ చిక్కుముడి విప్పాలంటే రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల సంగతితో మొదలుపెట్టాలి.

కాకినాడ వైపు తీరంలో ఒక హేచరీకి చాలా ఏళ్ల కిందట రాత్రిపూట వెళ్లాను. పిల్లలు చచ్చిపోతున్నాయని కబురు పెట్టారు. షెడ్డులో లైట్లన్నీ తీసేయమన్నాను. ఓ నిమిషం ఏమీ కనపడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఒక ట్యాంకు అడుగున నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు కనిపించింది. చేత్తో కలిపితే వేళ్ల వెంట మెరుపు వచ్చింది. పక్కనున్న కుర్రాడు దండం పెట్టుకున్నాడు. అది విబ్రియో హార్వేయి. లక్షల పిల్లలను ఒకట్రెండు రోజుల్లో తుడిచిపెట్టగల రకం.

ఆ వెలుగులోనే మీ అబ్బాయి చదివిన పాఠం అంతా ఉంది. ఈ విబ్రియో ఒక్కటిగా ఉన్నప్పుడు వెలగదు. ప్రతి కణమూ ఒక చిన్న రసాయనాన్ని నీళ్లలోకి వదులుతూ ఉంటుంది. జాతరలో ఒకరిద్దరు వచ్చినప్పుడు ఎవరూ డప్పు తియ్యరు కదా, జనం చేరాకే దరువు మొదలవుతుంది. అలాగే ఆ రసాయనం నీళ్లలో ఒక మోతాదు దాటితే "మనం చాలామందిమి అయ్యాం" అని వాటికి తెలుస్తుంది. అప్పుడన్నీ ఒకేసారి వెలుగుతాయి. 1970లో అమెరికాలో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే ముగ్గురు సముద్రపు విబ్రియోలోనే దీన్ని మొదట గుర్తించారు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో బోనీ బాస్లర్ ఈ హార్వేయి మీదే ఏళ్ల తరబడి పనిచేసి, బ్యాక్టీరియా మాట్లాడుకునే తీరును లోకానికి చెప్పింది. వెలగడమే కాదు, విషం చిమ్మడం, గుంపుగా జిగురు పొర కట్టుకుని కూర్చోవడం లాంటి పనులు కూడా చాలా బ్యాక్టీరియాలు ఇలా లెక్క చూసుకునే చేస్తాయి.

శత్రువు మాట్లాడే మాట తెలిసిపోయాక పొంచి వినడానికి ఒకణ్ణి పెట్టొచ్చు. మీ చుట్టం నోట సింగపూర్ అన్న పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. 2011లో అక్కడి నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో మాథ్యూ చాంగ్ బృందం ఈ-కొలై అనే బ్యాక్టీరియాకు కొత్త జీన్లు ఎక్కించింది. వాళ్ల శత్రువు విబ్రియో కాదు, సూడోమోనాస్ ఎరుజినోసా. ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి యాంటీబయాటిక్‌లకు లొంగని రకం. దాని గుంపు సంకేతాన్ని వినడానికి దాని జీన్‌నే తీసి ఈ-కొలైకి చెవిలా అమర్చారు. ఆ సంకేతం చెవిన పడగానే ఈ-కొలై కణం పయోసిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం దాని లోపలే ఉండిపోతుంది కాబట్టి, ఇంకో జీన్ ఆ కణాన్నే పగలగొడుతుంది. అంటే అది తాను చచ్చి శత్రువును చంపుతుంది. ల్యాబ్‌లో, ద్రవంలో పెరుగుతున్న సూడోమోనాస్ 99 శాతం తగ్గింది. 2017లో అదే పనిని ఈ-కొలై నిసిల్ అనే రకంతో చేసి ఎలుకల పేగుల్లో చూపించారు. ఈ నిసిల్‌కూ ఓ కథ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో తోటి సైనికులంతా విరేచనాలతో పడిపోతుంటే ఒక్కడు మాత్రం నిక్షేపంలా తిరిగాడు. 1917లో జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ నిసిల్ అతని మలం నుంచి తీసిన బ్యాక్టీరియా ఇది. వందేళ్లు దాటినా ఇంకా వాడుతున్నారు.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. కలరా తెచ్చేది కూడా విబ్రియోనే, విబ్రియో కలరే. దీని తీరు తిరకాసు. గుంపు చిన్నగా ఉన్నప్పుడు పేగుకు అంటుకుని విషం చిమ్ముతుంది, గుంపు పెద్దదైతే ఇక చాలనుకుని విషం ఆపేసి బయటికి పోయే ఏర్పాట్లు చూసుకుంటుంది. 2010లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో డువాన్, మార్చ్ అనే ఇద్దరు నిసిల్ బ్యాక్టీరియాకు కలరా క్రిమి సంకేతాన్ని తయారుచేసే జీన్‌ను ఎక్కించారు. అది క్రిమిని చంపదు. "ఇక్కడ ఇప్పటికే మీవాళ్లు బోలెడంత మంది ఉన్నారు" అని అబద్ధం చెబుతుంది, అంతే. కలరా క్రిమిని పట్టించడానికి ఎనిమిది గంటల ముందే దీన్ని పట్టించిన ఎలుక పిల్లల్లో 92 శాతం బతికాయి. రెంటినీ ఒకేసారి పట్టిస్తే బతికినవి చాలా తక్కువ. నాకు ఈ ప్రయోగం భలే ఇష్టం. చంపకుండా పని జరిపించుకోవడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఒకే సంకేత పద్ధతి ఉన్నా హార్వేయి గుంపు పెరిగితే వెలుగుతుంది, కలరే గుంపు పెరిగితే విషం ఆపుతుంది. విబ్రియో అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో వెలిగేవి, కలరా తెచ్చేవి, రొయ్య హెపటోను (కాలేయం లాంటి అవయవం) కుళ్లబెట్టేవి, ఏ హానీ చేయకుండా నీళ్లలో తిరిగేవి అన్నీ ఉన్నాయి. ఇంజనీరింగ్ చేసిన బ్యాక్టీరియాకు చెవి ఒక్కదాని మాటకే పెడతారు. "విబ్రియో ఎక్కడున్నా" అనే మాట దగ్గరే మీ చుట్టం దొరికిపోయాడు. ఏ విబ్రియో, దాని ఏ సంకేతం అని అడగండి. సమాధానం రాదు.

మీ ల్యాబ్ రిపోర్టులో గ్రీన్ కాలనీలన్నది కూడా పూర్తి సమాధానం కాదు. ల్యాబ్‌లో విబ్రియోను పెంచి చూసే ఆ ప్లేటులో చక్కెర కలిపి ఉంటుంది. దాన్ని తినగలిగే విబ్రియోలు పసుపుగా వస్తాయి, తినలేనివి ఆకుపచ్చగా వస్తాయి. రొయ్యను చంపే పారాహీమోలైటికస్ ఆకుపచ్చగా వస్తుంది కాబట్టి మనవాళ్లకు ఆకుపచ్చ అంటే భయం పట్టుకుంది. కానీ ఆ పారాహీమోలైటికస్‌లోనూ అన్నీ చంపేవి కావు. ఈఎంఎస్ అని భయపెట్టిన, పిల్ల వేసిన కొద్ది రోజులకే రొయ్యలు చచ్చిపోయే జబ్బుకు కారణం ఇదేనని 2013లో అరిజోనా యూనివర్సిటీలో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ విషం తయారుచేసే జీన్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటాయి. ఆ చుట్ట ఉన్నదే రొయ్యను చంపుతుంది. అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగలదు కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు మీ చెరువు లెక్క చూద్దాం. ఎకరం చెరువు, నాలుగడుగుల నీరు. సుమారు 50 లక్షల లీటర్లు. మిల్లీలీటర్లలో 500 కోట్లు. మీ చుట్టం అమ్మే సీసాలో మిల్లీలీటరుకు 100 కోట్ల బ్యాక్టీరియా ఉందనే అనుకుందాం. లీటరుకు లక్ష కోట్లు. వినడానికి ఎంత బాగుంది! చెరువులో కలిపాక మిల్లీలీటరు నీటికి ఎన్ని వచ్చాయి? రెండు వందలు. అదే మిల్లీలీటరులో ఇప్పటికే లక్షల్లో బ్యాక్టీరియా ఉంటుంది. కోనసీమ తీర్థంలోకి రెండు వందల మంది పోలీసులను దింపితే ఎంతో కొంత పని జరుగుతుంది. ఇక్కడ ఆ రెండు వందల్లో ప్రతి ఒక్కటీ అదనపు జీన్ల మూట మోస్తూ ఉంటుంది. మూట మోసేది మామూలుదాని కంటే నిదానంగా పెరుగుతుంది. ఆ మూట ప్లాస్మిడ్ మీద ఉంటే కొన్ని దాన్ని పారేసుకుంటాయి, పారేసుకున్నవే త్వరగా పెరుగుతాయి. ఎలుక పేగులో 37 డిగ్రీల వేడి, కట్టుదిట్టమైన చోటు, కొలిచిన మోతాదు. మీ చెరువులో పగలు ఎండ, సాయంత్రం వాన, రాత్రి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోవడం, పొద్దున పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఇంకోలా. ల్యాబ్‌లో 99 శాతం వచ్చిందని చెరువులోనూ వస్తుందనుకోవడం మీ అబ్బాయి వయసులో తప్పు కాదు. అమ్మేవాడు అంటే తప్పు.

"మరి బయట వాడేది ఒక్కటీ లేదా?" అని అబ్బాయి అడుగుతాడు. ఉంది. దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నిజమైన సరుకు ఎలా ఉంటుందో చూస్తే నకిలీని గుర్తుపట్టడం తేలిక.

గులాబీ, బాదం, పీచ్ మొక్కలకు వేరు దగ్గర కణుతులు తెచ్చే ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా ఉంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర వెయిట్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెన్ కెర్ అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో దానికి దాయాదిని కనిపెట్టాడు. పేరు కే84. అది కణుతులు తేదు, పైగా ఆగ్రోసిన్ అనే విషంతో కణుతుల రకాన్ని చంపుతుంది. నాటే ముందు మొక్క వేళ్లను ఈ బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచితే చాలు. దీన్ని జీన్లు మార్చకుండానే ఏళ్ల తరబడి వాడారు. కానీ కెర్ బృందానికి ఒక భయం పట్టుకుంది. ఆగ్రోసిన్ తయారీ జీన్లూ, ఆ విషానికి చావకుండా కాపాడే జీన్లూ ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. ఆ ప్లాస్మిడ్ పొరపాటున కణుతుల బ్యాక్టీరియాకు చేరితే? మన మందు శత్రువుకు కవచమైపోతుంది. అందుకని 1980ల చివర్లో జీన్ ఇంజనీరింగ్‌తో వాళ్లు కొత్తగా ఏమీ అతికించలేదు. ఆ ప్లాస్మిడ్‌ను ఇంకోదానికి దాటించే ముక్కను కోసేశారు. అలా వచ్చింది కే1026. నోగాల్ పేరుతో అమ్మకానికి వచ్చింది. జన్యుమార్పిడి చేసిన జీవుల్లో ప్రపంచంలో మొట్టమొదట వ్యాపారంగా బయటికి వచ్చిన వాటిలో అదొకటి.

చూడండి, అక్కడ ఇంజనీరింగ్ అంతా వాడిన బ్యాక్టీరియా తన గుణాన్ని శత్రువు చేతికి ఇవ్వకుండా ఆపడానికే. ఒక శత్రువు, ఒక పంట, వేరు ముంచే ఒక బకెట్టు. మీ దగ్గరికి వచ్చిన సీసా సంగతో? ల్యాబ్‌లో జీన్లు ఎక్కించేటప్పుడు ఎక్కింది లేనిది తెలుసుకోవడానికి తరచుగా యాంటీబయాటిక్‌కు లొంగని జీన్‌ను గుర్తుగా పెడతారు. బజారుకు తెచ్చేవాళ్లు దాన్ని తీసేయాలి. ఎవరు తీశారు? చేతులు మారే ప్లాస్మిడ్‌లతో తిరుగుతున్న విబ్రియోల మధ్యకు అలాంటిదాన్ని మీరే డబ్బిచ్చి పోస్తారా? పోశాక వద్దనుకుంటే తిరిగి తోడుకోలేరు. మీ నీళ్లు మురుగు కాల్వలోకి, అక్కణ్ణుంచి ఉప్పుటేరులోకి పోతాయి. కింద ఇంకెవరో మోటారు వేసి అవే నీళ్లు తోడుకుంటారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులను తయారుచేయాలన్నా, దిగుమతి చేయాలన్నా, బయట వదలాలన్నా పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన రూల్స్ ఉన్నాయి. బయట వదలడానికి ఢిల్లీలో జీఈఏసీ అనే కమిటీ అనుమతి కావాలి. బీటీ పత్తి 2002లో వచ్చింది ఆ దారినే. రొయ్యల చెరువులో పోసుకోవడానికి జీన్ మార్చిన బ్యాక్టీరియాకు మన దగ్గర అలాంటి అనుమతి లేదు. కాబట్టి సీసాలో ఉన్నది నిజంగా జీన్ మార్చినదైతే దొంగసరుకు, కాకపోతే ప్రోబయోటిక్‌లలో ఉండే మామూలు బ్యాసిల్లస్ బ్యాక్టీరియాను ఆరు వేలకు అంటగడుతున్నారు. నా పందెం రెండోదాని మీదే. ఓసారి ఇలాగే గొప్ప పేరున్న డబ్బా ఒకటి తెచ్చి నేను ప్లేటు మీద వేసి చూస్తే, లేబుల్ మీద రాసిన అయిదు రకాల్లో ఒక్కటే మొలిచింది.

మరి మీ చెరువుకు ఏం చేయాలి? మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది గ్రీన్ కాలనీలు కాదు, తెల్ల దారాలు. ఇలా తెల్ల మలం (వైట్ ఫీకల్) కనపడిన చాలా చెరువుల్లో ఈహెచ్‌పీ అనేది ఉంటుంది. అది బ్యాక్టీరియానే కాదు. బూజు కుటుంబానికి దగ్గరి పరాన్నజీవి, రొయ్య హెపటో కణాల లోపల దాక్కుని పెరుగుతుంది. దాన్ని ఏ ప్రోబయోటిక్కూ, జీన్ మార్చినదైనా మార్చనిదైనా, ఏమీ చేయలేదు. యాంటీబయాటిక్ అసలే పనిచేయదు, పైగా రొయ్యలో దాని ఆనవాళ్లు దొరికితే ఎగుమతి కంటెయినర్ వెనక్కి వచ్చే ప్రమాదం. హెపటో దెబ్బతిన్న రొయ్య మీద విబ్రియో ఎక్కుతుంది. అప్పుడు మీరు విబ్రియోను చూసి విబ్రియోకే మందు పోస్తుంటారు. ల్యాబ్‌కు నీళ్లు మాత్రమే ఇచ్చారు కాబట్టి వాళ్లు నీళ్లలో ఉన్నదే చెప్పారు.

రేపు పొద్దున్నే పది రొయ్యలను పట్టండి. బాగున్నవి కాదు, మేత తినని నీరసంగా ఉన్నవి. అయిదింటిని చెరువు నీళ్లతో ఆక్సిజన్ కవరులో ప్రాణంతో పంపండి, హెపటోలో విబ్రియో ఎంతుందో ప్లేటు మీద చూస్తారు. మిగతా అయిదింటినీ, తేలుతున్న తెల్ల దారాలనూ 95 శాతం ఆల్కహాలులో వేసి విడిగా పంపండి. ఈహెచ్‌పీకి పీసీఆర్ (డీఎన్ఏను బట్టి గుర్తుపట్టే పరీక్ష) చేయమని చీటీ మీద రాయండి. నోటితో చెబితే మరిచిపోతారు.

రిపోర్టు వచ్చేదాకా మేత తగ్గించండి. చెక్ ట్రేలో మిగిలినంత మేర అయినా తగ్గించండి. అడుగున కుళ్లుతున్న మేతే విబ్రియోకు విందు, మీరు కొనే సీసాలన్నిటి కంటే ఆ మేత ఆపడమే గట్టిగా పనిచేస్తుంది. మధ్యలో పేరుకున్న బురద తీసే వీలుంటే తీయండి. రాత్రి ఏరేటర్లు ఆపకండి.

విబ్రియో ఒక్కటే అని తేలితే మామూలు బ్యాసిల్లస్ వాడండి, తప్పు లేదు. కానీ అది జబ్బు వచ్చాక చేసే వైద్యం కాదు, ముందు నుంచీ చోటు ఆక్రమించి ఉంచే పని. బెల్లం, తవుడు కలిపి డ్రమ్ములో పులియబెట్టేవాళ్లకు ఒక మాట. బ్యాసిల్లస్‌కు గాలి కావాలి. మూత బిగించి మూడు రోజులు వదిలేస్తే పెరిగింది బ్యాసిల్లసో, ఈస్టో, ఇంకేదో ఎవరికీ తెలియదు. డ్రమ్ము కడిగి, చిన్న ఏరేషన్ పైపు పెట్టి, ఒక రోజులో వాడేయండి.

ఈహెచ్‌పీ ఉందని తేలితే మందుల షాపు వైపే వెళ్లకండి. పెరుగుదల ఆగిన రొయ్యకు మేత పెట్టే కొద్దీ నష్టం పెరుగుతుంది. వారానికోసారి బరువు తూచి, పెరగడం లేదనిపిస్తే ఉన్న కౌంటుకే (కిలోకు ఎన్ని తూగితే అన్ని) పట్టి అమ్మించెయ్యండి. తర్వాత చెరువు ఎండగట్టి, కాల్చిన సున్నం ఎకరానికి సుమారు రెండున్నర టన్నులు చల్లి, నాలుగైదు అంగుళాల లోతు దున్ని, తడిపి, వారం వదిలేయాలి. మట్టి పీహెచ్ 12 దాకా పోతేనే మట్టిలో మిగిలిన ఈహెచ్‌పీ గింజలు (స్పోర్లు) చస్తాయి. ఇది ఖర్చే. కానీ ఆ 72 వేలు దీనికైతే పనికొస్తాయి. అటు తర్వాత సీడ్ (రొయ్య పిల్లలు) కొనేటప్పుడు ఈహెచ్‌పీ లేదన్న పీసీఆర్ రిపోర్టు చూడకుండా ఒక్క పిల్లనూ దింపకండి.

అబ్బాయిని కోప్పడకండి. వాడు చదువుతున్నది మంచి చదువు. సెలవులకు వచ్చినప్పుడు వాడితోనే చెక్ ట్రే ఎత్తించండి, ల్యాబ్‌కు వాడినే పంపండి.

ఇక చుట్టం. ముఖం మీద కాదనలేరు, నాకు తెలుసు. పెళ్లిళ్లలో ఎదురుపడాలి. వద్దనకండి. "పోయిద్దాం బాబూ, కాకపోతే లీజు ఇచ్చినాయన కాగితాలు అడుగుతున్నాడు. జీఈఏసీ అనుమతి లెటరూ, సీసాలో ఉన్న బ్యాక్టీరియా పేరు, బ్యాచ్ నంబరూ వాట్సాప్‌లో పెట్టు, చూపించి పోయిస్తాను" అనండి. లెటర్ వస్తే నాకూ ఒక కాపీ పంపండి.